ఐదు ముక్కల డ్రా పోకర్ నేర్చుకోండి: రమ్మీ, మూడుముక్కలాట వచ్చినవాళ్ల కోసం

రెండు ఎనిమిదులు, ఒక ఆసు, ఒక తొమ్మిది, ఒక నాలుగు. మా మేనల్లుడి చేతిలో పడిన ముక్కలివి. తొమ్మిదినీ నాలుగునీ పడేసి రెండు ముక్కలు అడిగాడు. ఆసు మాత్రం ఉంచుకున్నాడు. ఆట అయ్యాక "ఆసు ఎందుకు ఉంచావురా?" అని అడిగాను. "పెద్ద ముక్క కదా మావయ్యా, చేతులారా ఎలా పడేస్తాను?" అన్నాడు. ఆ సాయంత్రం గంటన్నరలో వాడు నూరు చింతపిక్కలు పోగొట్టుకున్నాడు.

వాడికి పేకాట రాదని కాదు. రమ్మీ మా ఇంట్లో అందరికంటే బాగా ఆడతాడు. మూడుముక్కలాటలో వాడి ధైర్యం చూస్తే పెద్దవాళ్లకే భయం. చిక్కంతా అక్కడే వచ్చింది. రమ్మీలో పనికొస్తుందేమో అనిపించిన ముక్కని నాలుగు రౌండ్లు దాచుకోవచ్చు, ఎందుకంటే ముక్క తీసుకునే అవకాశం మళ్లీ మళ్లీ వస్తుంది. డ్రా పోకర్‌లో ముక్కలు మార్చుకునేది ఒక్కసారే. మూడుముక్కలాటలో బ్లైండ్ ఆడి ఎదుటివాణ్ణి బెదరగొట్టొచ్చు. ఇక్కడ ఎదుటివాడు ఎన్ని ముక్కలు మార్చుకున్నాడో కళ్లముందే కనిపిస్తుంది, నువ్వు ఎన్ని మార్చావో వాడికీ కనిపిస్తుంది. బెదిరింపుకి ఆధారం కావాలి. కాబట్టి ఇక్కడ నేర్చుకోవాల్సింది ముఖ్యంగా పడేయడం: చెత్త చేతిని ఆట మొదట్లోనే, పనికిరాని ఆసుని డ్రా దగ్గర, అంటే ముక్కలు మార్చుకునేటప్పుడు.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసిన ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో రెండూ. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పట్టుబట్టిన ఊరు కూడా ఇదే కనుక, నేనూ ఆట దగ్గర కూర్చున్నవాళ్లు అనే మాటలే వాడతాను: జోడీ, కలర్ (అన్నీ ఒకే రంగువి, అంటే అన్నీ ఇస్పేట్లో అన్నీ ఆఠీనులో), సీక్వెన్స్ (వరస ముక్కలు), త్రిపుల్ (ఒకే ముక్క మూడు). బెట్ (పందెం వెయ్యడం), కాల్ (అవతలివాడు వేసినంతే వేసి ఆటలో ఉండటం), రైజ్ (పందెం పెంచడం), ఫోల్డ్ (చెయ్యి పడేసి తప్పుకోవడం) ఎలాగూ అందరికీ తెలిసినవే. మధ్యలో పోగయ్యే పిక్కలని కుప్ప అంటాను.

ముందు సరంజామా

ఒక పేకకట్ట, జోకర్లు తీసేసి 52 ముక్కలు. నలుగురి నుంచి ఆరుగురి దాకా మనుషులు. ఏడో మనిషిని ఎందుకు వద్దంటానో లెక్క చూడండి. ఏడుగురికి ఐదేసి పంచితే 35 ముక్కలు పోతాయి, మిగిలేవి 17. అందరూ మూడేసి మార్చుకుంటే 21 కావాలి. పేక చాలదు. ఆరుగురైతే 30 పోయి 22 మిగులుతాయి, మూడేసి చొప్పున 18 చాలు. మా కుమార పున్నమి జాగారాల్లో ఏడుగురం కూర్చుని, పడేసిన ముక్కల్నే మళ్లీ కలిపి పంచిన రోజులున్నాయి. అది ఆటా కాదు, లెక్కా కాదు.

పందేనికి చింతపిక్కలు. ఒక పిక్క ఒకటి, ఒక గవ్వ ఐదు. మనిషికి నూరు. జీడిపిక్కలు వాడదామని ఒకసారి నేనే తెచ్చాను. పచ్చివి, ఒకటి రెండు చితికి ఉన్నాయి. జీడి అంటుకుని నా వేళ్లు వారం పాటు పొక్కిపోయి ఉన్నాయి. మీరు ఆ పని చెయ్యకండి.

డబ్బు మాత్రం పెట్టకండి. ఒడిశాలో 1955 నాటి జూద నిరోధక చట్టం ఉంది. సరిహద్దు దాటి పాతపట్నం వైపు వెళ్తే ఆంధ్రాకి 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. ఫోన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా. చట్టం సంగతి అలా ఉంచినా, కొత్తగా నేర్చుకునేవాడికి డబ్బు అడ్డమే. పోయిన యాభై రూపాయలు రాబట్టుకోవాలన్న టెన్షన్‌లో ఎవడూ లెక్క నేర్చుకోలేడు. అయితే పిక్కలకి విలువ ఉండాలి. అయిపోయినవాడికి ఆ రాత్రికి మళ్లీ ఇవ్వకూడదు; ఒడ్డున కూర్చుని టీ అందించాలి. ఈ ఒక్క రూలు లేకపోతే ప్రతివాడూ ప్రతి చేతికీ కాల్ అంటాడు.

ఆట నడిచే తీరు

అందరూ తలో పిక్క కుప్పలో వేస్తారు. మూడుముక్కలాటలో బూట్ లాంటిదే. పంచేవాడు తన పక్క మనిషితో మొదలుపెట్టి ఒక్కొక్క ముక్క చొప్పున ఐదేసి పంచుతాడు. అన్నీ మూసే ఉంటాయి. ఇక బ్లైండ్ లేదు, అందరూ ముక్కలు చూసుకునే ఆడాలి.

మొదటి బెట్ రౌండ్. పంచేవాడి పక్కవాడితో మొదలవుతుంది. నేర్చుకునేటప్పుడు బెట్ ఎంతో స్థిరంగా పెట్టుకోండి: డ్రాకి ముందు రెండు పిక్కలు, డ్రా తర్వాత నాలుగు, ఒక రౌండ్‌లో మూడు రైజ్‌ల కంటే ఎక్కువ వద్దు. తర్వాత డ్రా. మిగిలినవాళ్లు వరసగా తమకి వద్దన్న ముక్కలు మూసి పడేసి, పడేసినన్ని కొత్తవి తీసుకుంటారు. మూడుకి మించి మార్చొద్దని మా రూలు. అసలు మార్చకపోయినా సరే. తర్వాత రెండో బెట్ రౌండ్, ఆఖరున ఇంకా ఉన్నవాళ్ల షో. మధ్యలో అందరూ ఫోల్డ్ చేస్తే మిగిలిన ఒక్కడూ ముక్కలు చూపించకుండానే కుప్ప తీసుకోవచ్చు.

మొదటి రెండు వారాలు ఇంకో రూలు కూడా పెట్టుకోమంటాను: చేతిలో జాకీల జోడీ గానీ అంతకంటే పెద్దది గానీ ఉన్నవాడే మొదటి బెట్ వెయ్యాలి. ఎవరి దగ్గరా లేకపోతే ముక్కలు కలిపి, మళ్లీ తలో పిక్క వేసి పంచాలి. బెట్ మొదలుపెట్టినవాడు గెలిస్తే తన దగ్గర ఆ జోడీ ఉండేదని ఆఖర్లో చూపించాలి. పాత పద్ధతే ఇది. కొత్తవాళ్ల చేతులు కట్టేయడానికి దీన్ని మించింది లేదు.

మాటలన్నీ ఒకే భాషలో ఉండాలని కూడా ముందే అనుకోండి. మా పక్కింటి మౌసా ఒడియాలో ఆడతాడు. డ్రా దగ్గర ఆయన "తిని" అంటే మూడు ముక్కలని అర్థం. మొదటిరోజు మా మేనల్లుడు ఆయన ఏదో తినడానికి లేస్తున్నాడనుకుని తన వంతు కానిచ్చేశాడు. అప్పట్నించి మా దగ్గర ముక్కలు అడిగేటప్పుడు నోటితో చెప్పడమే కాదు, వేళ్లు కూడా చూపించాలి. ఎందుకింత పట్టుదల అంటే, ఎదుటివాడు ఎన్ని ముక్కలు మార్చాడన్నదే ఈ ఆటలో అన్నిటికంటే విలువైన సమాచారం.

ఏ చెయ్యి పెద్దది

మూడుముక్కలాట నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే మొదటి దెబ్బ తింటారు. అక్కడ సీక్వెన్స్ కలర్ కంటే పెద్దది. ఇక్కడ కలర్ పెద్దది. అలా ఎందుకని అడిగితే చాలామంది "రూలు అంతే" అంటారు, కానీ లెక్క ఉంది. మూడు ముక్కలతో మొత్తం 22,100 చేతులు పడొచ్చు; వాటిలో మామూలు సీక్వెన్స్‌లు 720, కలర్‌లు 1,096. అరుదైంది సీక్వెన్స్, అందుకే పెద్దది. ఐదు ముక్కలకి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మొత్తం 25,98,960 చేతుల్లో సీక్వెన్స్‌లు 10,200, కలర్‌లు 5,108 మాత్రమే. (అన్నట్టు, మూడుముక్కలాట లెక్కలో చిన్న తిరకాసు ఉంది. త్రిపుల్ 52 రకాలుగా పడుతుంది, ఒకే రంగు సీక్వెన్స్ 48 రకాలుగానే. అయినా అక్కడ త్రిపుల్‌నే పెద్దది చేశారు.)

పెద్దదాని నుంచి చిన్నదాని వరకు, ఎన్ని రకాలుగా పడొచ్చో పక్కన రాస్తున్నాను:

ఒకే రంగు సీక్వెన్స్: 40
నాలుగు ఒకటే: 624
ఫుల్ హౌస్, అంటే ఒక త్రిపుల్, ఒక జోడీ: 3,744
కలర్: 5,108
సీక్వెన్స్: 10,200
త్రిపుల్: 54,912
రెండు జోడీలు: 1,23,552
ఒక జోడీ: 10,98,240
ఏమీ లేనిది: 13,02,540

ఆసు, రెండు, మూడు, నాలుగు, ఐదు అనేది ఇక్కడ సీక్వెన్స్‌లన్నిటిలోకీ చిన్నది. రంగుల్లో పెద్దాచిన్నా లేదు. ఇస్పేటు కలర్ అయినా కళావరు కలర్ అయినా అందులో పై ముక్క ఎవరిదో చూస్తారు.

ఈ జాబితాని బట్టీ కొట్టడం కంటే కింది రెండు వరసలు గమనించండి. పంచిన ఐదు ముక్కల్లో సగం సార్లు జోడీ కూడా ఉండదు. నూటికి 42 సార్లు ఒకే జోడీ. అంటే ఈ ఆట ఎక్కువ భాగం జోడీకీ జోడీకీ మధ్య పోటీ. ఎవరి జోడీ పెద్దది, ఎవరిది డ్రాలో పెరిగింది, అంతే. కలర్‌లూ ఫుల్ హౌస్‌లూ కలల్లో వస్తాయి.

మొదటి అడుగు: ఏ చేతితో దిగాలి

జాకీల జోడీ గానీ అంతకంటే మంచిది గానీ పడే అవకాశం నూటికి సుమారు 20.6. అంటే ఐదు చేతుల్లో నాలుగు పడేయాల్సినవే. ఇది వినడానికి తేలిక. మూడో చెయ్యి పడేసేసరికి కొత్తవాడికి చేతులు దురద పెడతాయి, నాలుగోసారి రెండు ఆరులతో దిగిపోతాడు.

ఆరుగురు ఉన్న ఆటలో మీరు మొదటివారనుకోండి. మీ వెనక ఐదుగురున్నారు. వాళ్లలో కనీసం ఒక్కరి దగ్గరైనా జాకీల జోడీ లేదా అంతకంటే పెద్దది ఉండే అవకాశం సుమారు మూడింట రెండు వంతులు. అందుకని మొదట్లో కూర్చున్నప్పుడు రాజుల జోడీ, ఆసుల జోడీ లేదా అంతకు పైనవాటితోనే మొదలుపెట్టమంటాను. మధ్యలో ఉంటే రాణులు, ముందున్నవాళ్లు ఎవరూ బెట్ వెయ్యకపోతే జాకీలూ ఫరవాలేదు. ముందున్నవాళ్లంతా బెట్ వెయ్యకుండా వంతు వదిలేసి మీరే ఆఖర్న, పంచేవాడి స్థానంలో ఉంటే పదుల జోడీతో కూడా దిగొచ్చు. జాకీల రూలు ఎత్తేశాక సుమా. ఇవి నా కొలతలు, శాసనాలు కావు.

మీకంటే ముందు ఎవరో బెట్ మొదలుపెట్టేస్తే? అప్పుడు మీ జాకీలకి విలువ పడిపోతుంది. వాడు మొదట్లో కూర్చుని దిగాడంటే రాణులో రాజులో ఉండే ఉంటాయి. వాడి జోడీ కంటే చిన్న జోడీతో కాల్ చెయ్యడం ఈ ఆటలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు. ఇద్దరూ మూడేసి మార్చుకుంటారు, ఇద్దరికీ పెరిగే అవకాశం ఒకటే, పెరగకపోతే గెలుపు వాడిది. మీరు వెనక నుంచి పరిగెత్తుతున్నారు. పడేయండి.

రెండు జోడీలు ఉంటే? కొత్తవాళ్లు దాచుకుని, చప్పుడు చెయ్యకుండా కాల్ చేసి, నలుగురినీ రానిస్తారు. తప్పు. రెండు జోడీల చెయ్యి డ్రాలో పెరిగేది నూటికి ఎనిమిదిన్నర సార్లే. 47 తెలియని ముక్కల్లో పనికొచ్చేవి నాలుగు. ఎదురుగా జోడీతో ఉన్నవాడు మూడు మారిస్తే నూటికి 28.7 సార్లు పెరుగుతాడు. మీవి ఐదులూ మూడులూ లాంటి చిన్న జోడీలైతే, వాడు పెరిగిన ప్రతిసారీ దాదాపు మీరు పోయినట్టే. అలాంటివాడు ఒక్కడుంటే ప్రమాదం 29 శాతం. ఇద్దరైతే 49. ముగ్గురైతే 64. అందుకని రెండు జోడీలతో డ్రాకి ముందే రైజ్ చెయ్యాలి. ఒక్కడే మిగిలితే అదృష్టం. త్రిపుల్ ఉన్నప్పుడు ఇంత ఆత్రం అక్కర్లేదు, అయినా రైజ్ చేస్తే పోయేదేం లేదు.

రెండో అడుగు: ఏ ముక్క పడేయాలి

మళ్లీ మేనల్లుడి చేతికి వద్దాం. రెండు ఎనిమిదులు, ఆసు, తొమ్మిది, నాలుగు.

మూడూ పడేస్తే: మూడో ఎనిమిది వచ్చి త్రిపుల్ అయ్యే అవకాశం 11.4 శాతం. రెండు జోడీలయ్యేది 16. ఫుల్ హౌస్ ఒక శాతం. నాలుగు ఎనిమిదులు పావు శాతం. మొత్తం 28.7.

ఆసు ఉంచుకుని రెండే మారిస్తే: రెండు జోడీలు 17.2కి పెరుగుతుంది. త్రిపుల్ మాత్రం 7.8కి దిగిపోతుంది. ఫుల్ హౌస్ 0.8. మొత్తం 25.9.

తేడా మూడు శాతం లోపే కదా అనొచ్చు. మొత్తం కాదు, లోపల ఏం మారిందో చూడండి. త్రిపుల్ అవకాశంలో మూడో వంతు పోయింది. త్రిపుల్ వస్తే దాదాపు ఎప్పుడూ గెలుస్తారు, రెండు జోడీలు వస్తే సగం భయంతో కూర్చుంటారు.

మరి ఆసు ఎప్పుడు ఉంచుకోవాలి? నాకు తెలిసి రెండు సందర్భాలు. ఎదుటివాడి దగ్గర మీకంటే పెద్ద జోడీ ఖాయంగా ఉందని తెలిసి కూడా కుప్ప పెద్దదని ఉండిపోతే, ఆసులతో కూడిన రెండు జోడీలు వాడి రెండు జోడీలని కొడతాయి. అప్పుడు అర్థం ఉంది. రెండోది మోసం. రెండు ముక్కలు మార్చినవాణ్ణి చూసి అవతలివాడు త్రిపుల్ అనుకుంటాడు. అనుకునేంత తెలివి అవతలివాడికి ఉంటేనే సుమా. మా ఆటలో మౌసాకి నేనెన్ని మార్చానో గుర్తే ఉండదు. ఆయన మీద ఈ ఎత్తు వేసి నేను మూడుసార్లు పోగొట్టుకున్నాను.

త్రిపుల్ ఉంటే రెండూ మార్చండి, పెరిగే అవకాశం 10.4 శాతం. ఒక్కటే మార్చి రెండు జోడీల వేషం వేసినా 8.5 ఉంటుంది. ఇక్కడ వేషానికి ఖర్చు తక్కువ. జోడీతో వేసే వేషానికి ఎక్కువ.

నాలుగు ఒకే రంగువి, ఒకటి తేడా. ఆఠీను నాలుగు చేతిలో ఉంటే బయట తొమ్మిది మిగిలాయి. 47కి 9, అంటే 19 శాతం. రెండు వైపులా తెరిచి ఉన్న సీక్వెన్స్, ఉదాహరణకి ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది ఉంటే నాలుగు గానీ తొమ్మిది గానీ పనికొస్తాయి. 47కి 8, 17 శాతం. ఐదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది ఉండి నడుమ ఏడు కోసం చూస్తుంటే 47కి 4, ఎనిమిదిన్నర శాతం. రమ్మీ ఆడేవాళ్లకి ఈ మూడోది ప్రాణం. నడిమి ముక్క వస్తుందని ఎదురుచూడటం వాళ్ల రక్తంలో ఉంది. ఇక్కడ పన్నెండుసార్లు చూస్తే ఒకసారి వస్తుంది. వదిలేయండి. మూడు ఒకే రంగువి ఉంచుకుని రెండు మార్చడమైతే ఇంకా ఘోరం, నాలుగు శాతం చిల్లర.

కుప్ప ఎంతుందో చూసి కాల్

19 శాతం తక్కువే కదా, మరి నాలుగు రంగు ముక్కలతో ఎప్పుడు ఆడాలి? కుప్ప చెబుతుంది. 47లో 9 పనికొచ్చేవి, 38 పనికిరానివి. అంటే ఒకటికి 4.2 చొప్పున ఓడిపోతారు. మీరు వేసే ప్రతి పిక్కకీ కుప్పలో కనీసం నాలుగు పై చిలుకు ఉంటేనే కిట్టుబాటు.

ఆరుగురు తలో పిక్క వేశారు: ఆరు. ఒకడు రెండుతో మొదలుపెట్టాడు: ఎనిమిది. ఇంకొకడు కాల్ అన్నాడు: పది. మీరు రెండు వెయ్యాలి. పదికి రెండు, ఒకటికి ఐదు. వెయ్యండి. ఆ రెండోవాడు లేడనుకోండి, ఎనిమిదికి రెండు, ఒకటికి నాలుగు. కొంచెం తక్కువే, కానీ రంగు పడితే డ్రా తర్వాత వాడి దగ్గర ఇంకో నాలుగు వస్తాయి కాబట్టి సరిపోతుంది. ఇప్పుడు మూడో తీరు చూడండి: మొదటివాడు రెండు, రెండోవాడు రైజ్ చేసి నాలుగు. కుప్పలో పన్నెండు, మీరు నాలుగు వెయ్యాలి. ఒకటికి మూడే. చేతిలో ఆసు, రాజు, రాణి ఆఠీనులున్నా సరే, పడేయాలి. పడకపోతే వాటికి విలువ లేదు.

సీక్వెన్స్‌కైతే ఒకటికి 4.9 కావాలి. అంటే బెట్ వేసినవాడు కాక ఇంకొకడైనా లోపల ఉండాలి.

ఈ లెక్క బల్ల దగ్గర వేళ్ల మీద వేసుకోలేం. కుప్పలో ఎన్ని ఉన్నాయో పిక్క పడ్డప్పుడల్లా మనసులో కూడుకుంటూ ఉండండి. సంతలో చిల్లర లెక్క వచ్చినవాళ్లకి రెండు రోజుల పని.

ఎదుటివాళ్ల డ్రా చదవడం

మూడు మార్చినవాడి దగ్గర జోడీ ఉంది, అనుమానం అక్కర్లేదు. రెండు మారిస్తే త్రిపుల్ గానీ, ఆసుని పడేయలేని మా మేనల్లుడు లాంటివాడు గానీ. ఆ మనిషి ఎలాంటివాడో మీకు తెలిసి ఉండాలి. ఒకటి మారిస్తే రెండు జోడీలు, లేదా కలర్ కోసమో సీక్వెన్స్ కోసమో చూస్తున్నాడు. ఈ రెంటికీ తేడా డ్రాకి ముందు వాడి తీరులో దొరుకుతుంది: రైజ్ చేసినవాడివి రెండు జోడీలు, నెమ్మదిగా కాల్ అన్నవాడిది ఆశ. ఏమీ మార్చనివాడి దగ్గర సీక్వెన్స్ పైన ఏదో ఉంది, లేదా నటిస్తున్నాడు. పంచిన ఐదింటిలోనే సీక్వెన్స్ గానీ కలర్ గానీ పడటం అరశాతం మాట. వాడు ఒక్క రాత్రిలో మూడుసార్లు "ఏమీ వద్దు" అన్నాడంటే లెక్క మీరే వేసుకోండి.

మీ వంతు ముందే వస్తే మీరు మార్చింది అందరూ చూస్తారు, వాళ్లది మీరు చూడలేదు. చివర కూర్చోవడంలో ఉన్న లాభం ఇదే.

డ్రా అయ్యాక

మీరు బెట్ మొదలుపెట్టారు, ఆసుల జోడీ, మూడు మార్చారు, ఏమీ రాలేదు. ఎదురుగా ఒక్కడు, ఒకటి మార్చాడు. ఇక్కడ బెట్ వెయ్యకండి, చెక్ అనండి, అంటే పిక్కలు వెయ్యకుండా వంతు దాటించండి. వాడివి రెండు జోడీలైతే మీరు ముందే ఓడిపోయారు. కలర్ కోసం చూసినవాడైతే, పడితే రైజ్ చేస్తాడు, పడకపోతే ఫోల్డ్ చేస్తాడు. ఏ రకంగానూ మీ నాలుగు పిక్కలకి లాభం లేదు. మీరు చెక్ అన్నాక వాడు నాలుగు వేస్తే? కుప్పలో అప్పటికి పద్నాలుగు ఉన్నాయనుకుందాం, వాడి నాలుగుతో పద్దెనిమిది. మీరు నాలుగు వెయ్యాలి. ఒకటికి నాలుగున్నర. ఇలాంటి ఐదారు సందర్భాల్లో వాడు ఒక్కసారి నటిస్తున్నా కాల్ చెయ్యొచ్చు. మనిషిని బట్టి.

ఎదురుగా ఉన్నవాడు మూడు మార్చినవాడైతే కథ వేరు. మీ ఆసులకి ఇంకో జోడీ తోడైతే ధైర్యంగా బెట్. తోడు రాకపోయినా ఆసులు ఇంకా ముందున్నట్టే చాలాసార్లు. అయినా కొత్తలో చెక్ అని, వాడు వేస్తే కాల్ అనడం మేలు.

బ్లఫ్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. నాలుగు రంగు ముక్కలతో ఒకటి మార్చి, రంగు పడనప్పుడు, ఎదురుగా ఒక్కడే ఉన్నప్పుడు వేసేదే మంచి బ్లఫ్. మీ చెయ్యి షోకి పనికిరాదు, మీ కథ మాత్రం నమ్మేలా ఉంది. ఇద్దరున్నచోట వద్దు. ఫోల్డ్ అనే మాటే తెలియని మనిషి మీద అసలే వద్దు. మా మౌసా రెండు నాలుగులతో చివరిదాకా కూర్చుంటాడు, "దెఖిబా" అంటాడు, చూద్దాం అని. ఆయన మీద బ్లఫ్ వెయ్యడం గోడకి కథ చెప్పడం. ఆయన దగ్గర మంచి చేతితో బెట్ మీద బెట్ వెయ్యాలి, అంతే.

నెల రోజుల సాధన

మొదటి వారం ఒక్కరే కూర్చోండి. పేక నుంచి ఒక జోడీనీ, వేర్వేరు మూడు ముక్కలనీ తీసి పక్కన పెట్టండి. ఆ మూడూ పడేసినట్టే. మిగిలిన 47 కలిపి మూడు తీసి చూడండి, పెరిగిందా లేదా గీత గియ్యండి. యాభైసార్లు. పద్నాలుగు గీతలకి అటూ ఇటూగా వస్తాయి. తర్వాత ఆసు ఉంచుకుని రెండు తీస్తూ యాభైసార్లు. ఈసారి త్రిపుల్‌లు వేరే లెక్కపెట్టండి. యాభైకి తేడా కనిపించకపోవచ్చు, అదృష్టం అల్లరి చేస్తుంది, రెండొందలకి కనిపిస్తుంది. నేను చెప్పినప్పుడు తలూపి ఊరుకున్న మేనల్లుడు, ఈ గీతలు గీశాకే మాట విన్నాడు.

రెండో వారం జాకీల రూలుతో నలుగురితో ఆడండి. చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఒక్క విషయమే రాయండి: ఎన్ని చేతులు పంచారు, ఎన్నింటిలో దిగారు. మూడింట ఒకటి దాటితే ఎక్కువ దిగుతున్నారు. మూడో వారం ఆ రూలు ఎత్తేయండి. ప్రతి షోకీ ముందు, ఎదుటివాడి చేతిలో ఏముందో మనసులో అనుకుని చూడండి. నాలుగో వారం కుప్ప లెక్క.

మా వాడి నోటుబుక్కులో మొదటి రాత్రి అరవై చేతులకి నలభై ఒకటి దిగినట్టుంది. నెలాఖరుకి అరవైకి పదిహేడు. ఆ రాత్రే మళ్లీ వాడికి ఒక చిన్న జోడీ, ఏడులు, పక్కన ఆసు పడ్డాయి. అందరూ వదిలేశారు, వాడు పంచే స్థానంలో ఉన్నాడు, మిగిలింది మౌసా ఒక్కడే. ఏడులు చిన్నవే, అయినా ఒక్కడి మీద కదా అని దిగాడు. ఆసు వంక కాసేపు చూశాడు. తర్వాత మూడు ముక్కలూ మూసి పడేశాడు. కొత్తగా వచ్చిన మొదటి ముక్క మళ్లీ ఆసే, ఇంకో రంగుది. మిగతా రెండూ చెత్త. "చూశావా మావయ్యా, ఉంచుకుని ఉంటే..." అని మొదలుపెట్టాడు. మౌసా చెక్ అన్నాడు, వాడూ చెక్ అన్నాడు. షో. మౌసావి రెండు నాలుగులు. ఏడుల జోడీతో ఎనిమిది పిక్కల పైచిలుకు కుప్పని వాడు రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. మౌసా పేక అందుకుని కలపడం మొదలుపెట్టాడు.